కౌంటరు పక్కన కుర్చీ

“ఖాళీగానే ఉంటావు గదా జ్యోత్స్నా, ఆఫీసుకొచ్చి ఆ బటన్లకు కొంచెం రంగులన్నా పూసిపో” అన్నాడు శ్యాంసుందర్, మూలగ ఎముకను పళ్లెం అంచుకు తట్టుకుంటూ.

ఆదివారం. చర్చి నుంచి వచ్చి అందరూ భోజనానికి కూర్చున్నారు. జ్యోత్స్న ఒక్కతే నిలబడి ఉంది. తెల్లవారకముందే లేచి మాంసం కడిగి, మసాలా నూరి, కూర వండి పెట్టి, చీర మార్చుకుని చర్చికి పోయి, కడపటి ప్రార్థన పూర్తి కాకుండానే ఇంటికి పరుగెత్తి వచ్చి అన్నం వార్చింది. ఇప్పుడు ఎవరి పళ్లెంలో ఏది తగ్గిందో చూసుకుంటూ బల్ల చుట్టూ తిరుగుతోంది. ‘ఖాళీగా’ అన్న మాటకు ఆమెకు కోపం రాలేదు. అది ఎవరి గురించి అన్నారో అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది, అంతే. అత్త పరంజ్యోతి నవ్వింది. అన్న అన్నాడు కాబట్టి భర్త అజయ్ కుమార్ కూడా నవ్వాడు. తోడికోడలు సుజాత మహానందిలో గవర్నమెంటు టీచరు. ఆమెకు బడికి ఆదివారం సెలవు, వంటింటికి వారమంతా సెలవు. ఫోను చూసుకుంటూ తింటోంది.

బావగారు ఊరికే అనలేదు. కొంచెం ముందు జ్యోత్స్నే నోరు జారింది. “మీ సాఫ్ట్‌వేరు మనుషులకు పనికొచ్చేటట్టు లేదు బావగారూ” అంది.

నంద్యాల సంజీవనగర్‌లో ఒక సెల్‌ఫోన్ల కొట్టు పైన శ్యాంసుందర్ కంపెనీ ఉంది. ఆసుపత్రుల్లో రోగి పేరు ఎక్కించడం దగ్గర నుంచి బిల్లు చేతికిచ్చే దాకా అంతా చూసుకునే సాఫ్ట్‌వేరు తయారుచేస్తారు. అజయ్ దాన్ని ఆళ్లగడ్డ, ఆత్మకూరు, కోయిలకుంట్ల తిరిగి చిన్న చిన్న నర్సింగ్ హోములకు అమ్ముతాడు. జ్యోత్స్న పెళ్లికి ముందు హైదరాబాదులో ఇలాంటి కంపెనీలోనే డిజైనరు. తెర మీద ఏ మాట ఎక్కడ ఉండాలి, వాడే మనిషి వేలు ఎక్కడ తడబడుతుంది, ఎందుకు తడబడుతుంది అని పక్కన కూర్చుని చూసి సరిచేయడం ఆమె పని. పెళ్లిచూపుల్లో అడిగితే ఇదంతా వివరంగా చెప్పింది. పరంజ్యోతి ఓపికగా విని, “అంటే బొమ్మలు గీస్తావన్న మాట” అంది. పెళ్లి నిశ్చయమయ్యాక “మనకే కంపెనీ ఉండంగ అంత దూరం ఉద్యోగమెందుకు?” అన్నారు. ఆమె ఉద్యోగం మానేసి వచ్చింది. ఆ ‘మన కంపెనీ’కి ఆమెను పిలిచినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఆ సాఫ్ట్‌వేరు ఎలాంటిదో ఆమెకు ఆఫీసులో కాదు, నెత్తురు కారుతున్నప్పుడు తెలిసింది. కడుపుతో ఉండి ఆళ్లగడ్డకు, పుట్టింటికి పోయినప్పుడు ఒక మధ్యాహ్నం నొప్పి మొదలైంది. తల్లి ఆటోలో ఎక్కించుకుని దగ్గర్లోని నర్సింగ్ హోముకు తీసుకుపోయింది. కౌంటరులో తెర ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఆడమనిషి పేరు కొడితే తెర భర్త పేరు అడిగింది. పేరు ఇస్తే భర్త ఫోను నంబరు అడిగింది. నంబరు ఇస్తే ఆ నంబరుకు ఓటీపీ పోయింది. అది చెప్తేనే ముందుకు కదులుతుంది. తల్లి అజయ్‌కు ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. జ్యోత్స్న గోడకు ఆనుకుని నిలబడింది. కుచ్చిళ్లు తడిసి పాదాల దగ్గర చుక్కలు పడుతున్నాయి. కౌంటరులోని అమ్మాయి ఆ చుక్కలను ఒకసారి చూసింది. అజయ్ నంబరు చెరిపేసి తన నంబరు కొట్టింది, తన ఫోనుకు వచ్చిన అంకెలు ఎక్కించింది, లేచి “స్ట్రెచర్ తెండప్పా బేగా!” అని కేకేసింది. ఆ అమ్మాయి పేరు షమీమ్.

బిడ్డ దక్కలేదు. జ్యోత్స్న దక్కింది. అజయ్ ఆ సమయానికి కోయిలకుంట్లలో ఒక డాక్టరుకు అదే సాఫ్ట్‌వేరు ఎంత బాగా పనిచేస్తుందో చూపిస్తున్నాడు. సాయంత్రం వచ్చి మంచం పక్కన నిలబడి, “మీటింగులో ఉంటి, సైలెంట్లో పెట్న్యా. నేను ఎత్తింటే మాత్రం నిలబడ్తాండెనా?” అన్నాడు. పరంజ్యోతి ఫోనులో ప్రార్థన చేసింది. ఆమేన్ అన్నాక, “బస్సు కుదుపులకే పోయింటాది. కుదురుగా ఇంట్లో ఉండల్ల గదా” అంది.

కాబట్టి ఆ ఆదివారం జ్యోత్స్న ఆ మాట అనగలిగింది. దానికి జవాబుగానే రంగులు పూసే పని దొరికింది. పొద్దున వంట ముగించి, అత్తకు మాత్రలిచ్చి, వారంలో రెండు మధ్యాహ్నాలు ఆఫీసుకు, ఒక రోజు ఆళ్లగడ్డ నర్సింగ్ హోముకు. జీతం సంగతి ఆమె అడగలేదు. అడగకముందే అజయ్ చెప్పాడు, “ఇంటి మనిషికి జీతమేంది, ఎవరన్నా వింటే నవ్వుతారు” అని. ఆఫీసులో ఆమెకు బల్ల లేదు. మంచినీళ్ల క్యాను పక్కన ఒక కుర్చీ వేశారు. ఎవరికి నీళ్లు కావలసినా ఆమె కాళ్లు ముడుచుకోవాలి. వచ్చినవాళ్లకు శ్యాంసుందర్ “మా మరదలు, ఇంట్లో పొద్దుపోక వస్తాంది” అని పరిచయం చేసేవాడు. అయినా ఆమె సంతోషంగా పోయేది. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపు కుక్కరు కూతలు లెక్కపెట్టక్కర్లేదు. తనకు తెలిసిన పని, హైదరాబాదులో నలుగురు మెచ్చిన పని, చేతులు మరిచిపోలేదని తెలిసేది. పెళ్లయ్యాక తన వేళ్లు ఉల్లిపాయ వాసన తప్ప ఇంకేదీ పట్టుకోలేవేమోనన్న భయం ఒకటి ఆమెకు లోపల ఉండేది. ఆ భయం పోయింది. అందుకు ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తెలియక బావగారికే చెప్పుకుంది, మనసులో.

ఆళ్లగడ్డ రోజు ఆమెకు పండుగ. నంద్యాలలో బస్సెక్కితే శిరివెళ్లలో షమీమ్ ఎక్కేది. జ్యోత్స్న పక్క సీటులో సంచి పెట్టి ఉంచేది. షమీమ్ తండ్రి నూర్ బాషా పరుపులు కుట్టేవాడు. ఊళ్లోకి ఫోము పరుపులు వచ్చాక దూది ఏకే పని పోయింది, దుమ్ముకు ఊపిరితిత్తులు పోయాయి. షమీమ్‌కు చిన్నప్పుడే పెళ్లి చేశారు. మొగుడు ఇంకొకదాన్ని కట్టుకుని ప్రొద్దుటూరు పోయాడు. ఆమె ఎవరి మీదా పడకుండా కంప్యూటరు నేర్చుకుని కౌంటరులో చేరింది. అక్కడ పనిలో ఆమెదే పైచెయ్యి. పక్కన ఇంకొక అమ్మాయి ఉండేది గానీ ఆ అమ్మాయి వచ్చి కొద్ది రోజులే అయింది.

“రికార్డు ప్రకారం నీ మొగుణ్ణి నేనే మేడం” అనేది షమీమ్ బస్సులో. “నీ బిల్లుల మెసేజీలన్నీ ఇప్పటికీ నాకే వస్తాండాయి. నీ మొగునికన్నా నాకే నీ బాగు ఎక్కువ తెలుసు.”

జ్యోత్స్న నవ్వి నవ్వి కళ్లు తుడుచుకునేది. ఆ నవ్వుల్లోనే ఇంటి సంగతులన్నీ చెప్పేసేది. ఖాళీగానే ఉంటావు గదా అన్న మాట, నీళ్ల క్యాను పక్కన కుర్చీ, మీటింగుకు టీలు తానే పెట్టడం. షమీమ్ విని, “అట్లాంటోళ్లకు ఎందుకు చేసిపెడతాండావు మేడం?” అని అడిగేది.

కౌంటరులో షమీమ్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, నోరు మెదపకుండా చూడటం ఆమె పద్ధతి. షమీమ్ ఎక్కడ ఆగింది, ఎక్కడ నాలుక కరుచుకుంది, ఎక్కడ మళ్లీ వెనక్కి పోయింది. వచ్చిన మనిషి నొప్పితో వంగిపోతుంటే తెర పిన్‌కోడ్ అడుగుతుంది. ముసలమ్మకు వయసు తెలియదంటే తెర ఎర్రబడి ముందుకు పోనివ్వదు. వీటన్నిటినీ ఒక్కసారే మార్చేయాలని ఆమెకు ఉండేది. కానీ అలవాటైన చెయ్యి ఒక్కసారిగా అంతా మారితే తడబడుతుందని హైదరాబాదులోనే నేర్చుకుంది. వారానికి ఒక చిన్న మార్పు. ఒక వారం పిన్‌కోడ్ చివరికి పోయింది. ఇంకో వారం వయసు దగ్గర ‘సుమారుగా’ అన్న మాట వచ్చింది. ఆఫీసులో ప్రోగ్రామరు వినీత్ ముందు విసుక్కున్నాడు, తరువాత తానే “ఈ వారం ఏం మేడం?” అని అడగడం మొదలుపెట్టాడు.

భర్త పేరు దగ్గర మాత్రం యుద్ధమైంది. “పేరు లేకున్నా ఎక్కించుకునేటట్టు చేద్దాం బావగారూ, మొగుడు లేని ఆడోళ్లు కూడా జబ్బు పడతారు” అని అందరి ముందు అంది. శ్యాంసుందర్ అజయ్ వైపు తిరిగి, “ఏమప్పా, నీ పేరు కొట్టేస్తానంటాంది మీ యావిడ, జాగ్రత్త!” అన్నాడు. ఆఫీసంతా నవ్వింది. అజయ్ చెవులు ఎర్రబడ్డాయి. ఆమె ఇంకో దారి పట్టింది. తెర పైన ఎర్రగా ఒక బటన్ పెట్టించింది. ‘అత్యవసరం’. అది నొక్కితే ఏ పేరూ ఏ నంబరూ అడగదు, మనిషిని ముందు లోపలికి పంపుతుంది, వివరాలు తరువాత. వినీత్ ఎవరికీ చెప్పకుండా చేసి పెట్టాడు. మొదటిసారి షమీమ్ దాన్ని నొక్కింది పాము కరిచిన ఒక కూలి ఆడమనిషి కోసం. ఆ సాయంత్రం బస్సులో షమీమ్ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది.

పని ఎంత సులువైందో తెలుసుకోవడానికి జ్యోత్స్న ఫోనులో సమయం చూసేది. షమీమ్‌కు అదొక ఆట. “పెట్టు మేడం, ఈసారి ఇంకా బేగా చేస్తా సూడు” అని వేళ్లు విరుచుకునేది. రోగి పోగానే “ఎంతైంది, ఎంతైంది?” అని తొంగి చూసేది. తగ్గితే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేది.

ఒక మధ్యాహ్నం ఆఫీసు మీటింగులో శ్యాంసుందర్ కుర్చీలో వెనక్కి వాలి అడిగాడు. “ఇన్ని నెలలు ఆళ్లగడ్డకు పోయొచ్చినావు. ఏం ఒరిగింది కంపెనీకి? అత్తగారు మోకాళ్ల నొప్పితో మూలగతాంటే బస్సులెక్కి తిరిగితివి.”

అందరూ ఆమెను చూశారు. అప్పుడే ఆమె టీ కప్పుల పళ్లెం బల్ల మీద పెట్టింది. ఏం చెప్తే ఇతనికి అర్థమవుతుంది? నొప్పితో వంగిన మనిషి గురించి చెప్తే నవ్వుతాడు. వయసు తెలియని ముసలమ్మ గురించి చెప్తే ఆవులిస్తాడు. ఆమెకు ఉక్రోషం వచ్చింది. “ముందు ఇద్దరు కూచుని తడుముకునే పని ఇప్పుడు షమీమ్ ఒక్కతే చేస్తాంది బావగారూ. అదీ సగం సమయంలో” అంది.

శ్యాంసుందర్ ముందుకు వంగాడు. “మళ్లా చెప్పు ఆ మాట.”

పెళ్లయ్యాక ఆ ఇంటివాళ్లు ఆమె మాటను రెండోసారి చెప్పమని అడగడం అదే మొదలు. ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి ఇంకా స్పష్టంగా, గట్టిగా, ఎంత సమయం తగ్గిందో కూడా చెప్పింది. “శభాష్” అన్నాడు శ్యాంసుందర్. ఆ రాత్రి అజయ్ ఆమెకు మల్లెపూలు తెచ్చాడు. గిన్నెలు కడుగుతూ ఆమె చిన్నగా పాడుకుంది. ఆ పాట ఆమె తరువాత మళ్లీ పాడలేదు.

తరువాత రెండు వారాలు పరంజ్యోతి మోకాళ్లకు వైద్యమని జ్యోత్స్న ఇల్లు కదలలేదు. షమీమ్‌కు రెండుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు. కౌంటరులో రద్దీగా ఉందేమో అనుకుంది.

ఆళ్లగడ్డ నర్సింగ్ హోములో కొత్త గదులు కట్టారు. ఆ ప్రారంభానికి కుటుంబమంతా కారులో పోయింది. డాక్టరు గారి భార్య జయలక్ష్మి అక్కడి వ్యవహారాలన్నీ చూసుకుంటుంది. “నువ్వు మన మనిషివే గదమ్మా” అని జ్యోత్స్న చేతికి కూల్‌డ్రింకుల ట్రే ఇచ్చింది. షామియానా కింద మైకు పట్టుకుని శ్యాంసుందర్ మాట్లాడాడు. “మా సాఫ్ట్‌వేరు పెట్టుకుంటే ఇద్దరు చేసే పని ఒక్కరే చేస్తారు, అదీ సగం సమయంలో. ఇది మా వినీత్ బృందం కష్టం” అన్నాడు. చప్పట్లు. శాలువా కప్పారు. వినీత్ తల వంచుకున్నాడు. జ్యోత్స్న ట్రేతో అలాగే నిలబడి కౌంటరు వైపు చూసింది. షమీమ్ కుర్చీలో చెవికి ఇయర్‌ఫోను పెట్టుకుని కాలేజీ పిల్ల ఒకతి కూర్చుని ఉంది. పక్క కుర్చీ లేదు.

“షమీమ్ రాల్యా మేడం?” అని అడిగింది జయలక్ష్మిని.

“తీసేస్తిమి గదమ్మా. ఇద్దరినీ. మీ బావే చెప్పె, ఒకరు చాలని.” జయలక్ష్మి తన బంధువులెవరికో నమస్కారం పెడుతూ మాట్లాడుతోంది. “ఆ ఒకరు గూడా అనుభవం ఉన్నోళ్లే కావల్లని ఏముంది? తెర అంత సులువైనాక ఎవరైనా చేస్తారు. ఇప్పుడు కూచున్న పిల్ల మా చెల్లెలి కూతురు, కాలేజీకి పోతా పోతా కూచుంటాది. అంతా నీ చలవే.”

జ్యోత్స్న కౌంటరు దగ్గరికి పోయింది. తెర చూసింది. పైన ఎర్ర బటన్ లేదు. వెనకనే వచ్చిన వినీత్ గొంతు తగ్గించి, “శ్యాంసుందర్ అన్న తీసేయమన్న్యాడు మేడం. నంబరు లేకుండా లోపలికి పోతే బిల్లు రాదంట. మిగతా మార్పులన్నీ ఉండనిమ్మన్న్యాడు” అన్నాడు. ఒక ముసలాయన చెయ్యి గుడ్డతో చుట్టుకుని కౌంటరు ముందు నిలబడి ఉన్నాడు. కాలేజీ పిల్ల తల ఎత్తకుండా, “ఓటీపీ వస్తేనే తాతా, పక్కకు జరుగు” అంటోంది.

తిరుగు దారిలో శిరివెళ్ల రాగానే జ్యోత్స్న కారు ఆపమంది. “ఎవర్నో చూడల్ల, బస్సులో వస్తా” అంది. అజయ్ విసుక్కుంటూ ఆపాడు.

షమీమ్ ఇల్లు మసీదు సందులో. వాకిట్లో పాత కుట్టు మిషను ముందు షమీమ్ కూర్చుని ఏదో జాకెట్టు కుట్టు విప్పుతోంది. జ్యోత్స్నను చూసి లేవలేదు. లోపల మంచం మీద నుంచి నూర్ బాషా దగ్గుతూ, “ఎవరమ్మా? కూచోమను” అన్నాడు.

“కూచోదు నాయనా. పోతాంది” అంది షమీమ్.

“నాకు తెలీదు షమీమ్. నిజంగా తెలీదు. ఇప్పుడే చూసినా.”

“ఏం తెలీదు? ఇద్దరు చేసే పని ఒక్కతే చేస్తాందని చెప్పింది ఎవరు? జయలక్ష్మమ్మ నాకు అదే మాట చెప్పె. మీ మేడమే లెక్క తీసిందని చెప్పె. నేను చప్పట్లు గూడా కొడితిని గదా మేడం, ఆ లెక్కకు.”

“నిన్ను మెచ్చుకుందామనే చెప్పినా.”

“నన్నా?” షమీమ్ దారం పళ్లతో తెంపింది. “నిన్ను మెచ్చుకోవల్లని చెప్పుకుంటివి. ఆ ఇంట్లో నీకేం మర్యాద ఉందో బస్సులో నువ్వే చెప్తాంటివి. ఆ మర్యాదలో ఒక ముక్క ఎక్కువ దొరుకుతాదని నన్ను పెడితివి. ఆ దినం నీకు నెత్తురు పోతాంటే నేను కంప్యూటర్ను చూల్యా మేడం, నిన్ను చూస్తి. నువ్వు నా పక్కన కూచున్నన్ని దినాలూ కంప్యూటర్నే చూస్తివి.”

జ్యోత్స్న ఏదో అనబోయింది. వేరే ఉద్యోగం చూస్తాననో, అడిగిపెడతాననో. తన మాట ఎవరు వింటారని? ఆ సంగతి షమీమ్‌కు బాగా తెలుసు. తానే చెప్పింది. షమీమ్ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు ఆగే వరకూ జ్యోత్స్న నిలబడింది. అది ఆగలేదు.

ఇంటికి వచ్చేసరికి అందరూ టీవీ ముందు ఉన్నారు. శాలువా కుర్చీ వెనక ఆరేసి ఉంది. జ్యోత్స్న నిలబడే చెప్పింది. షమీమ్‌ను తీసేశారని, ఆ అమ్మాయి తన ప్రాణం కాపాడిందని, ఆ ఎర్ర బటన్ మళ్లీ పెట్టాలని, షమీమ్‌ను మళ్లీ తీసుకోమని డాక్టరుగారికి చెప్పాలని.

“లోకంలో పనులు పోయినోళ్ల కోసమంతా నువ్వే ఏడవల్లనా?” అంది పరంజ్యోతి. “ఆ పిల్ల పేరు చెప్పు, రేపు ప్రార్థనలో పెడదాం. ముందు పొయ్యి మీద పాలు చూడు.”

“ఒక మనిషి జీతం మిగులుతాదనే గదా వాళ్లు సాఫ్ట్‌వేరు కొనేది” అన్నాడు శ్యాంసుందర్, ఓపికగా, చిన్నపిల్లకు చెప్పినట్టు. “నువ్వు చేసిన పని ఫలించింది. సంతోషపడల్ల. వచ్చే వారం సున్నిపెంటకు పో. ఆడొక ఆసుపత్రి ఉంది, కౌంటరులో ఒక పిల్ల ఉంది. ఈసారి ఆ ఒక్కరు గూడా లేకుండా రోగే తన పేరు తాను ఎక్కించుకునేటట్టు చేద్దాం.”

“నేను రాను బావగారూ. మానేస్తాండా.”

శ్యాంసుందర్‌కు నిజంగానే నవ్వొచ్చింది. “మానేయడానికి నిన్ను పెట్టుకున్న్యది ఎవరమ్మా?”

అజయ్ టీవీ మీది నుంచి చూపు తిప్పలేదు. పాలు పొంగిన వాసన వచ్చింది. జ్యోత్స్న వంటింట్లోకి పోయి పొయ్యి ఆపి, గట్టు తుడిచింది. తుడుస్తూ ఆలోచించింది. బావగారు అన్నదాంట్లో అబద్ధం లేదు. తనను ఎవరూ పెట్టుకోలేదు. ఉద్యోగమైతే మానేయవచ్చు, జీతమైతే వద్దనవచ్చు, పదవైతే దిగిపోవచ్చు. తాను ఉన్న చోటు నుంచి దిగడానికి మెట్టే లేదు. తాను రాకపోతే వినీత్‌నో, ఇంకొకరినో పంపుతారు. కుర్చీ వేసుకుని కూర్చోవడం ఎట్లాగో ఇప్పుడు వాళ్లకూ తెలుసు. తానే నేర్పింది. ఆమె గుడ్డ పిండి ఆరేసింది. హాల్లోకి వచ్చి, “సున్నిపెంటకు పోతాలే బావగారూ” అంది. “అదీ!” అన్నాడు శ్యాంసుందర్. కోడలికి బుద్ధి వచ్చినందుకు పరంజ్యోతి దేవునికి స్తోత్రం చెప్పింది.

సున్నిపెంట ఆసుపత్రి డ్యాం ఉద్యోగుల క్వార్టర్లకు దగ్గరగా, చిన్నగా, శుభ్రంగా ఉంది. కౌంటరులో ఉన్న అమ్మాయి పేరు భానుప్రియ. మేనేజరు ముందే చెప్పినట్టున్నాడు, నంద్యాల నుంచి మేడం వస్తారని కుర్చీ తెచ్చి, పైటతో తుడిచి, తన పక్కన వేసింది.

“కూచోండి మేడం. ఏం చూపించాల్ల? నేను అన్నీ చేస్తా, అడ్మిషనూ, బిల్లూ, అన్నీ” అంది భానుప్రియ. ఆమె గొంతులో గర్వం ఉంది.

“ఏమీ చూపించొద్దు భానుప్రియా.” జ్యోత్స్న కుర్చీలో కూర్చోలేదు. కౌంటరు ఇవతలనే నిలబడి, గొంతు పెంచకుండా, ఆళ్లగడ్డలో జరిగింది జరిగినట్టు చెప్పింది. షమీమ్ పేరు చెప్పింది. సమయం చూసింది ఎవరో, ఆ మాట అన్నది ఎవరో చెప్పింది. “నీ పని పక్కన కూచుని చూసేది నీ కుర్చీ తీసేయడానికి. నేనైనా అంతే, నా తరువాత వచ్చేవాళ్లైనా అంతే. వాళ్లు ఎంత మంచిగా మాట్లాడినా చూపించొద్దు.”

భానుప్రియ ముఖంలో మొదట అర్థంకానితనం, తరువాత భయం, ఆ తరువాత కోపం. జ్యోత్స్న మీదే కోపం. “మరి చేయాల్సిందంతా చేసి ఇప్పుడు నాకెందుకు చెప్తాండారు?” అంది. జవాబు కోసం ఆగలేదు. తెరను తన వైపుకు తిప్పుకుని, లేచి మేనేజరు గదిలోకి పోయింది.

జ్యోత్స్న బస్టాండుకు నడిచేలోపే ఫోను మోగింది. శ్యాంసుందర్. “ఆ పిల్లకు ఏం చెప్పినావు నువ్వు? మేనేజరు నాకు ఫోన్ చేసి అడుగుతాండాడు.”

“జరిగింది చెప్పినా బావగారూ.”

“ఏం జరిగింది? పిచ్చి పట్టిందా నీకు? కంపెనీ నాశనం చేయల్లనుకుంటాండావా?”

“మీ సాఫ్ట్‌వేరు ఏయే ఊళ్లలో ఉందో నాకు తెలుసు. ఆత్మకూరు, కోయిలకుంట్ల, కౌంటర్లలో ఉన్న పిల్లలందరికీ చెప్పల్ల.”

అవతల ఏవో అరుపులు. ఫోను చేతులు మారింది. ఈసారి అజయ్. “ఆ నోటితో ఇంటికి రావద్దు. చెప్తాండా. ఆత్మకూరులో అడుగుపెట్న్యావంటే ఇంటికి రావద్దు.”

ఆమె ఇంట్లో తనవి ఏమున్నాయో తలుచుకుంది. బట్టలు, బైబిలు, సర్టిఫికెట్ల ఫైలు. ఆళ్లగడ్డలో తల్లి ఏమంటుందో తలుచుకుంది. తల్లి ఏడుస్తుంది, తరువాత అజయ్ పక్షమే మాట్లాడుతుంది. షమీమ్ ఈ సంగతి విన్నా తలుపు తీయదు. ఎర్ర బటన్ తిరిగి రాదు. ఇవన్నీ ఆమెకు స్పష్టంగా తెలిశాయి. “సరే” అని ఫోను పెట్టేసింది.

బస్సు వచ్చింది. ఘాటు దారిలో తల తిరుగుతుందని కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు వచ్చి, ఆడవాళ్ల ఉచిత టికెట్టు కోసం ఆమె ఆధార్ కార్డు చూసి, ఊరి పేరు చదివి, “నంద్యాలే గదమ్మా?” అంటూ మిషను మీద వేలు పెట్టాడు.

“కాదన్నా” అంది జ్యోత్స్న. “ఆత్మకూరు.”